జీరో నాలెడ్జ్ సర్క్యూట్లకు సమీకరణాలు రాద్దాం – 3: సున్నాయా, కాదా?

జీరో నాలెడ్జ్ సర్క్యూట్ అంటే, రహస్య విలువలు బయటపెట్టకుండానే లెక్క సరిగ్గా చేశానని నిరూపించడానికి రాసే సమీకరణాల గుంపు. నిరూపించేవాడు ప్రూవర్, సరిచూసే ప్రోగ్రాం వెరిఫయర్. పోయిన భాగంలో బ·(బ − 1) = 0 అని రాసి, బ విలువ 0 లేదా 1 తప్ప ఇంకోటి కాకుండా కట్టేశాం. ఈసారి పని కాస్త పెద్దది. క సున్నా అయితే ఫ = 1 రావాలి, కాకపోతే ఫ = 0 రావాలి. మామూలు ప్రోగ్రాంలో ఒక 'ఇఫ్' రాస్తే సరిపోతుంది. సర్క్యూట్‌లో ఆ వసతి లేదు. కూడిక, తీసివేత, గుణకారం, అంతే. అవీ ఒక ప్రధాన సంఖ్య మాడ్యులోలో, అంటే దానితో భాగిస్తే మిగిలే శేషాలతోనే. చేత్తో లెక్క వేసుకోడానికి 13 తీసుకుందాం.

ఫెర్మా సిద్ధాంతం (క సున్నా కాకపోతే 13 మాడ్యులోలో క¹² = 1) తెలిసినవాళ్లు వెంటనే ఫ = 1 − క¹² అంటారు. తప్పేం లేదు. కానీ అసలు సర్క్యూట్లలో తరచుగా 254 బిట్ల ప్రధాన సంఖ్య ఉంటుంది. అంత ఘాతం ఎక్కించాలంటే గుణకారాలే 250 దాటిపోతాయి. రెండు గుణకారాలతో అయ్యే పనికి అంత ఖర్చెందుకు?

వ అనే అదనపు విలువ ఒకటి ప్రూవర్‌నే ఇమ్మంటాం. క సున్నా కాకపోతే అది క విలోమం (కతో గుణిస్తే 1 ఇచ్చేది), సున్నా అయితే ఏదో ఒకటి.

ఫ = 1 − క·వ
క·ఫ = 0

క = 5 అనుకోండి. 5 × 8 = 40, 13తో భాగిస్తే శేషం 1. కాబట్టి వ = 8, ఫ = 0. రెండో సమీకరణమూ కుదిరింది.

ఇప్పుడు మోసగాడిలా ఆలోచించండి. నన్నడిగితే ఈ విద్యంతా ఇక్కడే ఉంది. రెండో సమీకరణం తీసేస్తే వాడు వ = 0 పెట్టి ఫ = 1 తెచ్చుకుంటాడు; 5 సున్నాయేనని వెరిఫయర్ ఒప్పేసుకుంటుంది. మొదటిది తీసేస్తే, క = 0 అయినప్పుడు ఫ ఎంతైనా కావచ్చు, 9 అయినా సరే. రెండూ ఉంటే తప్పించుకోలేడు. క = 0 అయినప్పుడు వ మాత్రం ఎంతైనా ఉండొచ్చు; దాన్ని ఇంకెక్కడా వాడనంతవరకు నష్టం లేదు.

ఈ సర్క్యూట్లు రాసే భాష సర్కమ్‌లో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. <-- గుర్తు విలువ పెట్టి ఊరుకుంటుంది, <== అయితే సమీకరణం కూడా చేరుస్తుంది. వ దగ్గర భాగహారం ఉంది కాబట్టి <-- తప్పదు. అదే ఊపులో ఫకి కూడా <-- కొట్టేస్తే మొదటి సమీకరణం చేరదు; అయినా టెస్టులన్నీ చక్కగా పాసవుతాయి, ఎందుకంటే టెస్టుల్లో ప్రూవర్ ఎప్పుడూ బుద్ధిమంతుడే.

అభ్యాసం: క సున్నా కాదని మాత్రమే నిరూపించాలి, ఫ అక్కర్లేదు. ఒక్క సమీకరణం చాలు. అది రాసి, 13 మాడ్యులోలో క = 6కి వ ఎంతో చెప్పండి. తర్వాతి భాగంలో 'కంటే చిన్నది' అనే పోలిక.