ఇంట్లో బీపీ చూసుకునే ముందు

మిషన్ ఇంట్లోనే ఉంది కదా అని మెట్లెక్కి వచ్చీ రాగానే పట్టీ చుట్టేస్తే, వచ్చిన అంకెను నమ్మలేం.

• కాఫీ, టీ, సిగరెట్, వ్యాయామం అయ్యాక అరగంట ఆగండి. మూత్రం ఆపుకుని కూర్చోవద్దు.

• మంచం అంచు వద్దు. వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. టీవీ కట్టేయండి. వార్తలైతే మరీను!

• ఎక్కువ తప్పులు పట్టీ దగ్గరే. చొక్కా చేతిని పైకి మడిస్తే అదే బిగుసుకుంటుంది, తీసేయడమే మేలు. బిగుతు జాకెట్టూ అంతే. పట్టీ అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. చేతిని వేలాడేసినా అంతే. బల్ల మీద, గుండె ఎత్తున ఆనించండి.

• మిషన్ నడుస్తుండగా మాట్లాడొద్దు, పక్కవాళ్లూ పలకరించొద్దు.

• నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసిపెట్టండి. పొద్దున మాత్రకూ టిఫినుకూ ముందు, మళ్లీ సాయంత్రం.

కొన్ని రోజుల సగటు 135/85 దాటుతుంటే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. 180/120 దాటి ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చేయి పట్టు తప్పడం ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కు ఫోన్ చేయండి. అంకె బాగుందని మాత్ర మీ అంతట మీరు మానేయకండి.