సిజేరియన్‌లో స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు సూది) తర్వాత బీపీ పడిపోకుండా – 4వ పాఠం: పంపు వేగం, నాడి వేగం

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబుల్లో ఒకే పొరపాటు పదేపదే కనిపించినందువల్ల, బీపీని, నాడిని రెండింటినీ పెంచే ఎఫెడ్రిన్ మందు సంగతిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. నిమిషానికి 50 మైక్రోగ్రాముల ఫినైలెఫ్రిన్ (రక్తనాళాలను బిగించి బీపీ పెంచే మందు) ఇవ్వాలంటే చాలామంది సిరంజి పంపులో 50 అనే అంకెనే పెట్టారు. పంపు అడిగేది గంటకు ఎన్ని మిల్లీలీటర్లని. 10 మిల్లీగ్రాముల యాంపూల్‌ను 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు వస్తాయి. అప్పుడు నిమిషానికి 50 అంటే అర మిల్లీలీటరు, గంటకు 30. మీరు పెట్టిన గంటకు 50 వేగంతో తల్లికి నిమిషానికి సుమారు 83 మైక్రోగ్రాములు వెళ్తాయి. ఇదే గాఢత కోసం అర యాంపూల్ కొలిచి నేరుగా సిరంజిలో కలపడం నాకు నచ్చదు. మొత్తం యాంపూల్‌ను సెలైన్ సీసాలో కలిపి, మందు పేరు, గాఢత రాసి అతికించి, అందులోంచి సిరంజి నింపుకోండి.

గర్భసంచిని ఎడమకు ఒరిగించడం, సెలైన్‌ను స్పైనల్‌తో పాటే వేగంగా ఎక్కించడం, నిమిషానికోసారి బీపీ చూడడం మీకు తెలిసినవే. 2018లో వెలువడిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ ప్రకటన ప్రకారం, స్పైనల్ ఇచ్చిన వెంటనే నిమిషానికి 25 నుంచి 50 మైక్రోగ్రాములతో పంపు మొదలుపెట్టి, పై బీపీని స్పైనల్‌కు ముందు తీసిన తొలి కొలతలో 90 శాతానికి తగ్గకుండా చూడాలి. ఒకవేళ తగ్గినా 80 శాతం కంటే దిగనివ్వకూడదు. నేను సాధారణంగా 25తోనే మొదలుపెడతాను.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన జవాబు: బీపీ తొలి కొలతను దాటి ఉంది, నాడి 52కు తగ్గింది, కాబట్టి నాడి వేగం పెంచే అట్రోపిన్ ఇస్తామని. రక్తనాళాలు బిగిసి బీపీ పెరగడం వల్లనే గుండె తనంతట తాను వేగం తగ్గించుకుంది. అక్కడ అట్రోపిన్ ఇస్తే, బిగిసిన నాళాల్లోకి గుండె మరింత వేగంగా రక్తాన్ని తోసి బీపీ ప్రమాదకరంగా ఎగబాకవచ్చు. చేయవలసినది పంపు తగ్గించడం లేదా ఆపడం. మందు ప్రభావం కొన్ని నిమిషాల్లోనే తగ్గి నాడి కోలుకుంటుంది. బీపీ, నాడి రెండూ పడిపోతే అది వేరే పరిస్థితి: అప్పుడు ఎఫెడ్రిన్, అవసరమైతే అట్రోపిన్ లేదా అలాగే నాడిని పెంచే గ్లైకోపైరోలేట్ ఇవ్వాలి, మత్తు ఛాతీలో ఎంత పైకి ఎక్కిందో వెంటనే చూడాలి.

అభ్యాసం: తొలి పై బీపీ 130. పంపు గంటకు 30 మిల్లీలీటర్లతో నడుస్తోంది. 2వ నిమిషంలో బీపీ 114, నాడి 96; 4వ నిమిషంలో 142, 54; 7వ నిమిషంలో 98, 46. ప్రతి కొలత దగ్గర ఆగి, తర్వాతిది చూడకుండా, పంపును ఏం చేస్తారో, ఏ మందు ఇస్తారో కారణంతో రాయండి. తర్వాత సీసాలో 5 మిల్లీగ్రాములే కలిపారనుకుని పంపు వేగాలన్నీ మళ్లీ లెక్కించండి.