మహిళా సహాయ సంస్థలో వాలంటీరుగా: ఎలా పనిచేయాలి, ఏం దక్కుతుంది

ఇంట్లో హింస భరించలేక బయటికొచ్చే స్త్రీలకు అండగా నిలిచే సంస్థలో పనిచేయడానికి వారానికి మూడు గంటలు చాలు. కానీ ఆ మూడు గంటలు ప్రతి వారం అదే రోజు, అదే వేళకు ఇవ్వాలి. మాట మీద నిలబడని మనిషితో ఏళ్ల తరబడి వేగిన స్త్రీకి, మంగళవారం పదింటికి వస్తానన్నవాళ్లు పదింటికే రావడం చిన్న విషయం కాదు. ఈ పనిలో దక్కే తృప్తి కూడా ఆ నిలకడలోంచే పుడుతుంది. ఉత్సాహం కొద్దీ మొదటి నెలంతా రోజూ వచ్చి, రెండో నెలలో కనిపించకుండా పోయేవాళ్లకు అలసట తప్ప ఏమీ మిగలదు. ఆరు నెలలకు మాట ఇవ్వండి, వారానికి ఒక పూట మించకుండా మొదలుపెట్టండి.

చేరే ముందు

సంస్థవాళ్లను ఈ విషయాలు అడగండి. శిక్షణ ఎన్ని గంటలు, ఎవరిస్తారు? నా పని ఎవరు చూస్తారు? డ్యూటీ అయ్యాక మనసు బరువెక్కితే మాట్లాడటానికి ఎవరుంటారు? దారి ఖర్చులు ఇస్తారా? శిక్షణ లేకుండా మొదటిరోజే బాధితురాలి ఎదుట కూర్చోబెట్టే చోట చేరకపోవడమే మంచిది. వాళ్లు మీ గుర్తింపు పత్రాలు, మీ గురించి చెప్పగలిగే ఇద్దరి వివరాలు అడిగితే నొచ్చుకోకండి. ఆ తలుపు వెనక దాక్కున్నవాళ్ల కోసమే ఆ జాగ్రత్త.

మీరే ఈమధ్య హింస ఉన్న ఇంటినుంచి బయటపడి ఉంటే కోఆర్డినేటర్‌కు ముందే చెప్పండి. కొన్నాళ్లు లెక్కలు, సామాన్లు, ఫారాల పని చూడండి. మీ కథలాంటిదే ఇంకొకరి నోట వింటే మానుతున్న గాయం మళ్లీ రేగుతుంది.

స్టోర్ రూమ్ నుంచి మొదలు

దాతలిచ్చిన సామాన్లు సర్దమంటే చిన్నబుచ్చుకోకండి. కట్టుబట్టలతో వచ్చేసిన స్త్రీకి మొదటి గంటలో కావాల్సినవన్నీ ఒక బ్యాగులో ముందే సిద్ధంగా ఉండాలి: రెండు జతల లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, టూత్‌బ్రష్, పేస్టు, సబ్బు, దువ్వెన, తువ్వాలు, ఫోన్ ఛార్జర్, నోటుబుక్కు, పెన్ను. లోదుస్తులు కొత్తవే ఇవ్వాలి, వాడినవి ఎంత శుభ్రంగా ఉన్నా పక్కన పెట్టేయండి. మిగతా బట్టల్లో ప్రతి జేబూ తడమండి, ప్రతి జిప్పూ లాగి చూడండి, ఊడిన బొత్తాలు కుట్టండి. పిల్లల బట్టలు కట్టలు కట్టి మీద వయసు రాస్తే, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు వెతుక్కోనక్కర్లేదు.

బ్యాగు సంగతీ చూడాలి. చెత్త కవర్లో బట్టలు పెట్టి చేతికిస్తే ఆమెకు తన విలువ అంతేనేమో అనిపిస్తుంది. జిప్ ఉన్న మంచి బ్యాగు ఇచ్చి "ఇది మీదే, తిరిగి ఇవ్వక్కర్లేదు" అనండి. తువ్వాళ్లు రెండు రంగుల్లో చూపించి ఏది కావాలో అడగండి. ఏళ్లుగా ఏ నిర్ణయమూ తన చేతిలో లేని మనిషి ఒక్కోసారి చాలాసేపు ఆలోచిస్తుంది. తొందరపెట్టకుండా నిలబడండి.

వినడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో వైద్య సిబ్బంది కోసం తెచ్చిన చేతిపుస్తకం అయిదు పనులు చెబుతుంది: శ్రద్ధగా వినడం, ఏం కావాలో అడగడం, నమ్ముతున్నామని తెలియజేయడం, భద్రత గురించి ఆలోచించడం, తగిన సాయానికి కలపడం. వీటిలో మొదటిదే కష్టం. ఆమె ఆగినప్పుడు మీరు నింపకండి. మనసులో పది లెక్కపెట్టండి, సాధారణంగా ఆ లోపే ఆమె మళ్లీ మాట్లాడుతుంది.

"ఎందుకు భరించారు?" అని అడగకండి, అందులో తప్పు ఆమెదేనన్న ధ్వని ఉంది. "ఇందులో మీ తప్పు లేదు. ఇప్పుడు మీకు అన్నిటికంటే ముందు ఏది కావాలి?" అనండి. "వదిలేసి వచ్చెయ్యండి" అని సలహా కూడా ఇవ్వకూడదు. విడిపోయే సమయంలోనూ, విడిపోయిన కొత్తలోనూ ప్రమాదం ఎక్కువ. ఎప్పుడు కదలాలో ఆమెకు తెలిసినంత మీకు తెలియదు.

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకండి. పిల్లలకో ఆమె ప్రాణానికో ముప్పుంటే కోఆర్డినేటర్‌కు చెప్పక తప్పదని మాటలు మొదలయ్యేటప్పుడే చెప్పాలి. "గొంతు నులిమాడు" అన్న మాట వినబడితే మీ షిఫ్ట్ అయ్యేదాకా ఆగవద్దు, వెంటనే పైవాళ్లకు చెప్పండి. పైకి మచ్చ లేకపోయినా లోపలి వాపు గంటల తర్వాత బయటపడవచ్చు, వైద్యపరీక్ష అవసరం. అంతేకాదు, ప్రాణాపాయం ఎక్కువగా ఉందనడానికి అదొక బలమైన గుర్తు.

ఫోను, కాగితం

ఫోన్ చేస్తే మొదట "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా?" అనే అడగాలి. వేరేవాళ్లు ఎత్తితే సంస్థ పేరు చెప్పకండి, ముందే ఆమెతో అనుకున్న మాట చెప్పి పెట్టేయండి. మెసేజ్ పంపవచ్చో లేదో కూడా ఆమే చెప్పాలి. ఆమె ఎక్కడుందో అవతలి మనిషికి చూపించే లొకేషన్ షేరింగ్ ఆమె ఫోన్‌లో ఉందని తెలిస్తే చటుక్కున ఆపించకండి. అవతలి మనిషికి అనుమానం వస్తుంది. ఎక్కడున్నప్పుడు, ఎలా ఆపాలో అనుభవమున్నవాళ్లతో ఆలోచించాక చేయాలి. సంస్థ భవనం దగ్గర ఫొటోలు అసలు తీయకండి.

నోట్స్‌లో తేదీ, సమయం, ఆమె అన్న మాటలు అన్నట్టుగా రాయండి. "భర్త కొట్టిన గాయం" అని రాయకూడదు, మీరు చూసింది గాయాన్ని మాత్రమే. "ఎడమ మోచేతి కింద నీలం మచ్చ కనిపించింది. 'నిన్న రాత్రి మెలితిప్పాడు' అని చెప్పారు" అని రాయాలి. రేపు ఆ కాగితం కోర్టు దాకా వెళితే ఈ తేడా ఆమెకు ఆసరా అవుతుంది.

ఎక్కడ దెబ్బతింటుంది

సొంత ఫోన్ నంబరు ఇవ్వడం, చేతి డబ్బు ఇవ్వడం, సామాన్లు తెద్దామని ఆమెతో ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లడం, ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేయబోవడం. అన్నీ మంచి మనసుతోనే జరుగుతాయి. మీ నంబరు ఇచ్చాక ఏదో ఒక రాత్రి మీరు ఎత్తకపోతే ఆమెకు దిక్కు లేదనిపిస్తుంది, సంస్థ నంబరైతే ఎవరో ఒకరు ఎత్తుతారు.

ఆమె తిరిగి ఆ ఇంటికే వెళ్లిపోవచ్చు. వాలంటీర్లు నిరుత్సాహపడి మానేసే ప్రమాదం ఇక్కడ ఉంది. చాలామంది ఒకటికి నాలుగుసార్లు వచ్చి వెళ్లాకే శాశ్వతంగా బయటపడతారు. "తలుపు తీసే ఉంటుంది" అని పంపితే మళ్లీ రావడానికి సిగ్గుపడదు.

డ్యూటీ అయ్యాక పది నిమిషాలు కోఆర్డినేటర్‌తో మాట్లాడి కానీ ఇంటికి వెళ్లకండి. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, ఇంట్లోవాళ్ల మీద ఊరికే విసుక్కుంటున్నా, డ్యూటీ రోజు వస్తోందంటే కడుపులో తిప్పుతున్నా కొంతకాలం స్టోర్ రూమ్‌కు మారండి.

మీకు దక్కేది

ప్రతి షిఫ్ట్ తర్వాత, పేర్లూ ఊర్లూ లేకుండా, ఆ రోజు చేసిన పని మూడు వాక్యాల్లో రాసుకోండి. ఆరు నెలలకు చూస్తే ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో, భయంతో ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో, పక్కాగా నోట్స్ ఎలా రాయాలో మీకు వచ్చేసి ఉంటుంది. ఉద్యోగానికి దరఖాస్తు చేసుకునేటప్పుడు ఆ రాతలే పనికొస్తాయి. ప్రపంచంలో సుమారు ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఇక్కడ నేర్చుకున్న వినే పద్ధతి మీ చుట్టాల్లో, మీ ఆఫీసులో కూడా ఎవరికో అవసరమే.

కృతజ్ఞతల కోసం ఎదురుచూడకండి, కుదుటపడ్డవాళ్లు చాలామంది మళ్లీ ఇటు రారు. గమనించాల్సింది వేరే ఉంది. మొదటి వారం మీతో ఫోన్ చేయించుకున్న ఆమె, నెల తిరిగేసరికి "నేను మాట్లాడతాను, మీరు పక్కన కూర్చోండి చాలు" అంటుంది.

మానేయాల్సి వస్తే నెల ముందు చెప్పండి. మీరు కలిసే స్త్రీలకు కనీసం రెండు వారాల ముందు మీ నోటితోనే చెప్పి, మీ తర్వాత వచ్చేవాళ్లను పరిచయం చేసి, తాళాలు అప్పగించండి.