యూఅన్ యూగ్లో పద్ధతిలో ఒక జామకాయను కొలిచి గీయడం ఎలా

బొమ్మలు నేర్చుకుంటున్నవాళ్లు తరచూ అడిగేది, "చూసే వేస్తున్నాను, అయినా పోలిక రావడం లేదు, ఏం చేయాలి?" అని. కొన్నాళ్లు కొలిచి వేయండి అంటాను నేను. కొలత ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే యూఅన్ యూగ్లో బొమ్మలు చూడాలి. 1932లో లండన్‌లో పుట్టి 2000లో పోయిన ఈ బ్రిటిష్ చిత్రకారుడు ఎదురుగా ఉన్న మనిషినో, బల్ల మీది పండునో కళ్లతో కొలుస్తూ రంగు వేస్తూ జీవితమంతా గడిపాడు. 'ది డయాగనల్' అనే ఒక్క చిత్రం మీద 1971 నుంచి 1977 దాకా పనిచేశాడు.

ఈ పద్ధతి ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. కాంబర్‌వెల్ ఆర్ట్ స్కూల్‌లో చేరేనాటికి ఆయనకు పదహారేళ్లు. అక్కడ పాఠాలు చెప్పే చిత్రకారుడు విలియం కోల్డ్‌స్ట్రీమ్ దగ్గర దొరికింది ఈ కొలిచే అలవాటు. కోల్డ్‌స్ట్రీమ్ 1949లో లండన్‌లోని మరో ఆర్ట్ స్కూల్ అయిన స్లేడ్‌కు ప్రొఫెసర్‌గా వెళితే, తర్వాత యూగ్లో కూడా అక్కడికే వెళ్లి చదివాడు. 1961 నుంచి అదే స్లేడ్‌లో పాఠాలు చెప్పాడు. సైన్యంలో తప్పనిసరిగా పనిచేయాల్సిన రోజుల్లో మనస్సాక్షి ఒప్పుకోదని నిరాకరించాడు, పేరున్న కళాకారుల సంస్థ రాయల్ అకాడమీ సభ్యత్వం ఇస్తామంటే అదీ వద్దన్నాడు. మొండి మనిషి. ఆ మొండితనమే కాన్వాస్ మీదా కనిపిస్తుంది, అందుకే నాకు అంత ఇష్టం.

ఇక పనిలోకి వద్దాం. ఒక జామకాయ, పెన్సిల్, కాగితం, దారం, దారానికి కట్టడానికి ఏదో ఒక చిన్న బరువు, ఒక సుద్దముక్క, చివర్లో వేయడానికి రంగులు, బ్రష్ చాలు.

ముందు ఎవరూ కదపని చోటు చూసుకోండి. కాయను బల్ల మీద పెట్టి దాని చుట్టూ సన్నగా గీత గీయండి, ఎవరైనా పొరపాటున తీసినా మళ్లీ అదే చోట పెట్టొచ్చు. ఒక మీటరు దూరంలో నిలబడి మీ పాదాల చుట్టూ నేల మీద సుద్దతో గీసుకోండి. ఇది చాదస్తంలా అనిపిస్తుంది గానీ, అడుగు పక్కకు జరిగితే మీరు చూస్తున్నది వేరే కాయ అవుతుంది, నిన్నటి కొలతలన్నీ దండగ. యూగ్లో స్టూడియోలో కూడా మోడల్ చుట్టూ గుర్తులు ఉండేవి, మరుసటి రోజు కాళ్లూ చేతులూ సరిగ్గా అక్కడికే రావడానికి.

ఇప్పుడు ఒక కన్ను మూసి, మోచెయ్యి అస్సలు వంచకుండా చెయ్యి ముందుకు చాచి, పెన్సిల్‌ను నిలువుగా పట్టుకోండి. పెన్సిల్ కొస కాయ పైఅంచుకు సరిగ్గా కలిసినట్టు కనిపించేలా పట్టి, కింది అంచు ఎక్కడికొస్తుందో అక్కడ బొటనవేలి గోరు పెట్టండి. అదే మీ కొలబద్ద. గోరు కదపకుండా పెన్సిల్‌ను అడ్డంగా తిప్పి చూడండి, ఎత్తుతో పోలిస్తే వెడల్పు ఎంతుంది? సమానమా, కాస్త తక్కువా? కాగితం మీద ఎత్తు ఎంత ఉండాలో మీరే నిర్ణయించుకుని, మిగతావన్నీ ఆ ఎత్తుకు ఎన్నో వంతో లెక్క చూసుకుంటూ పెట్టండి. చెయ్యి అలిసి వంగిపోతుంటే పెన్సిల్‌కు దారం కట్టి, రెండో కొస పళ్ల మధ్య పట్టుకోండి, కంటికీ పెన్సిల్‌కీ దూరం మారదు. యూగ్లో అయితే మ్యూజిక్ స్టాండ్‌ను మార్చి తనకోసం ఒక కొలిచే పరికరమే తయారు చేసుకున్నాడు.

తర్వాత దారానికి బరువు కట్టి, మేస్త్రీ గోడకు తూకం గుండు పట్టినట్టు కాయ ముందు వేలాడదీయండి. తొడిమ నుంచి నేరుగా కిందికి వస్తే కాయ అడుగు ఎటు పక్కన ఉంది? మన మనసు కాయను ఎప్పుడూ నిటారుగా నిలబెట్టేస్తుంది, దారం మాత్రం అది ఎంత వాలి ఉందో చూపిస్తుంది. సరిచూసిన ప్రతిచోటా చిన్న అడ్డగీత పెట్టండి, రబ్బరు ముట్టుకోకండి. లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉన్న 'జాగీ' లాంటి ఆయన చిత్రాలు ఇంటర్నెట్‌లో దొరికితే జూమ్ చేసి చూడండి, రంగుల మధ్య ఆ చిన్న చిన్న గుర్తులు ఇంకా కనిపిస్తాయి.

ఇదంతా యాంత్రికం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. 1967లో ఆయన నిలబడ్డ ఒక స్త్రీని వేశాడు. మామూలుగా ఒకేచోట నుంచి చూస్తే తలను ఒక కోణంలో, పాదాలను ఇంకో కోణంలో చూస్తాం. ఆయన అలా కాకుండా తన కంటి ఎత్తును పన్నెండు సార్లు మార్చుకుంటూ, శరీరంలో ప్రతి భాగాన్నీ దానికి ఎదురుగా ఉండి చూసి వేశాడు. ఎదుటి మనిషిలో ఏ భాగాన్నీ తక్కువ చేయకుండా చూడాలన్న పట్టుదల అది, దాన్ని యాంత్రికం అని ఎలా అంటాం?

కాగితం ఆకారం గురించి కూడా ఒక మాట. ఆయన కాన్వాస్‌ను లెక్క ప్రకారం తయారు చేసుకునేవాడు, ఒక నగ్న చిత్రానికి 'రూట్ ఫైవ్ న్యూడ్' అని పేరే పెట్టాడు. మీరూ ప్రయత్నించొచ్చు. పది సెంటీమీటర్ల చదరాలు రెండు పక్కపక్కన గీసి, మొత్తానికి మూల నుంచి మూలకు కొలిస్తే సుమారు 22.4 సెంటీమీటర్లు వస్తుంది, అంటే పదికి రూట్ ఫైవ్ (5 వర్గమూలం, సుమారు 2.24) రెట్లు. 10, 22.4 కొలతలతో కత్తిరించిన కాగితంలో కాయ ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో గీయకముందే వెతకండి. మనం రోజూ వాడే ఏ4 కాగితం కూడా ఇలాంటిదే, దాని పొడవు వెడల్పుకు రూట్ టూ రెట్లు.

రంగు వేస్తుంటే మెత్తగా కలిపేయకండి. కాయ గుండ్రంగా కనిపించినా దాన్ని చిన్న చిన్న పలకలుగా చూడండి, వెలుగు మారిన చోట పలక మారుతుంది. కలిపిన రంగును బ్రష్ కొసన తీసుకుని, ఒక కన్ను మూసి, కాయకు పక్కగా పట్టి చూడండి, ముదురైందో లేతైందో వెంటనే తెలిసిపోతుంది. సరిపోయాకే కాగితం మీద పెట్టండి.

మూడో రోజుకు కాయ పచ్చదనం తగ్గి పసుపుకు తిరుగుతుంది, నాలుగైదు రోజులకు మెత్తబడి ఒక పక్కకు కుంగుతుంది. టెన్షన్ పడి కొత్త కాయ తెచ్చి పెట్టకండి. కొలిచిన కాయ ఇదే కాబట్టి మళ్లీ పెన్సిల్ ఎత్తి కొలవండి, పాత గుర్తు పక్కనే కొత్తది పెట్టండి, రెండూ అలాగే ఉండనివ్వండి.