గోధుమ మానేసినా కడుపుబ్బరం తగ్గలేదా? ఎర్రగడ్డను (ఉల్లిపాయను) చూడండి

సమస్య: మూడు వారాలుగా చపాతీ లేదు, ఉప్మా లేదు, బ్రెడ్డు లేదు. అయినా సాయంత్రానికి కడుపు బిగుసుకుంటోంది. గ్యాసు, ఒక్కోరోజు విరేచనాలు. "నాకు గోధుమతో సంబంధం లేదు మేడమ్" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళు మళ్ళీ చపాతీ మొదలుపెడతారు.

ముందు మీ డైరీ తీయండి. రాయలేదంటే మూడు వారాలూ వృథా అయినట్టే. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, కడుపు ఎప్పుడు పట్టింది, ఇంతే. నోటితో అడిగితే పక్కింటివాళ్ళు పంపిన ఓళిగ ఎవరికీ గుర్తుండదు.

ఇంకొకటి ఎన్నిసార్లు చెప్పినా దాటేస్తారు. సీలియాక్ అంటే గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు. దాని రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించుకోవాలి. మానేసి నెలలయ్యాక చేయిస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. అప్పుడు వారాల తరబడి మళ్ళీ గోధుమ తిని పరీక్షకు వెళ్ళాలి. ఆ బాధ ఎవరికీ వద్దు.

అసలు కారణం: ఎర్రగడ్డ, తెల్లగడ్డ (వెల్లుల్లి).

ఇక్కడ నేనే ఒకసారి పొరపాటు చేశాను. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒకావిడ గోధుమ పూర్తిగా మానేసి జొన్నరొట్టె, సంగటి తిన్నారు. తగ్గలేదు. గోధుమ కారణం కాదని చెప్పి పంపేశాను. నాలుగు నెలల తర్వాత అదే బాధతో వచ్చారు. పాత డైరీ మళ్ళీ చదివితే అప్పుడు కనబడింది: రొట్టెలోకి పచ్చి ఎర్రగడ్డ, ఉగ్గానిలో ఎర్రగడ్డ, ఆదివారం కారం దోసె, దాని మీద పూసే ఎర్రకారంలోనూ అదే.

గోధుమలో చాలామందికి పడనిది ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం. దాన్ని అరిగించే ఎంజైమ్ మనిషికి లేదు. పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తుంది. అందరికీ పుడుతుంది, పేగు సున్నితంగా ఉన్నవాళ్ళకు నొప్పి అవుతుంది. అదే ఫ్రక్టాన్ ఎర్రగడ్డలో, తెల్లగడ్డలో దండిగా ఉంది. 2018లో అచ్చైన నార్వే అధ్యయనంలో, గ్లూటెన్ పడదని మానేసిన 59 మందికి దేన్ని ఇస్తున్నారో చెప్పకుండా పరీక్షిస్తే, ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఫ్రక్టానే, గ్లూటెన్ కాదు. గోధుమ మాని ఎర్రగడ్డ పెంచితే తేడా ఎలా కనబడుతుంది? పైగా బాధ తిన్న వెంటనే రాదు, కొన్ని గంటల తర్వాత వస్తుంది. నింద చివర తిన్నదాని మీద పడుతుంది.

పరిష్కారం: గోధుమ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ మూడూ ఒకేసారి మూడు వారాలు ఆపండి. రుచికి దారి ఉంది. తెల్లగడ్డ రెబ్బల్ని నూనెలో వేయించి, తీసి పారేసి, ఆ నూనెతోనే తిరగమాత పెట్టండి. ఫ్రక్టాన్ నూనెలోకి దిగదు, నీళ్ళలోకి దిగుతుంది. కాబట్టి చారులో వేసి తర్వాత ఏరేస్తే లాభం లేదు. ఉల్లికాడల్లో పచ్చభాగం వాడుకోవచ్చు. ఇంగువ కూడా మంచిదే. పొడి ఇంగువ డబ్బాల్లో తరచూ గోధుమపిండి కలుస్తుంది, చిటికెడుకు భయం లేదు. సీలియాక్ ఉన్నవాళ్ళు మాత్రం డబ్బా మీద చదివి కొనాలి.

కడుపు నెమ్మదించాక ఒక్కొక్కటీ తిరిగి తేండి. ముందు ఎర్రగడ్డ: మొదటిరోజు పావు ముక్క, రెండోరోజు సగం, మూడోరోజు ఒకటి. ఎక్కడ బాధ మొదలైతే అక్కడ ఆపి రాసుకోండి. మూడు రోజులు విడిచి తెల్లగడ్డ, ఆ తర్వాత అలాగే చపాతీ. పండుగ వారంలో పెట్టుకోవద్దు. మా ప్రొద్దుటూరు ఆవిడకు రెండు చపాతీలు పడతాయి, పచ్చి ఎర్రగడ్డ సగమైనా పడదు.

తిండిలో కలిపే రంగులు, హిస్టమిన్ (పులిసిన, నిల్వ పదార్థాల్లో ఉండే రసాయనం) వంటివి పడకపోవడం అరుదు, ఇప్పుడు వాటి జోలికి వెళ్ళకండి. ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) రక్తపరీక్షల ప్యాకేజీలు కొనకండి, అవి మీరు తిన్నదాన్ని చూపిస్తాయే తప్ప పడనిదాన్ని కాదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలేపే నొప్పి ఉంటే నేరుగా డాక్టరు దగ్గరికి. పెదవులు వాచినా, దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా అది అలర్జీ. ఆ పదార్థాన్ని ఇంట్లో తిరిగి తిని చూడొద్దు.