పరిశోధన రచన, 4వ పాఠం: చదివినదాన్ని సొంత వాక్యంలో రాయడం

గత పాఠంలో మీ పరిశోధన ప్రశ్నను ఒక్క వాక్యానికి కుదించారు. ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకోండి. ఈ పాఠమంతా దానితోనే పని.

హైదరాబాదు జంట జలాశయాల రక్షణపై పరిశోధన చేస్తున్న విద్యార్థిని అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఒక పుస్తకం చదువుతున్నారనుకుందాం. అందులో ఇలా ఉంది: “1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నిజాం ప్రభుత్వం ఎగువన రెండు జలాశయాలను నిర్మించింది.” ఆమె రాసుకున్నది ఇది: “1908లో మూసీ వరదకు నగరం మునిగాక, విశ్వేశ్వరయ్య సూచనతో నిజాం సర్కారు ఎగువన రెండు రిజర్వాయర్లు కట్టించింది.” సలహా సూచనగా మారింది, జలాశయం రిజర్వాయరుగా మారింది, వాక్యం నడక మాత్రం మూలరచయితదే. కొత్త పరిశోధకుల ప్రతుల్లో నేను తరచుగా చూసే ఈ లోపానికి బద్ధకం కారణం కాదు. పుస్తకం తెరిచి ఉంచి రాస్తే ఎవరి చేతికైనా ఆ వాక్యమే వస్తుంది.

అందుకే పుస్తకం మూసి, మీ ప్రశ్న చదివి, ఆ తర్వాత రాయండి. అప్పుడు ఆమె వాక్యం ఇలా రావచ్చు: “1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు అందించినా, వాటి నిర్మాణానికి ప్రేరణ 1908 నాటి వరద; కాబట్టి వాటి రక్షణను తాగునీటి కోణం నుంచి మాత్రమే చర్చించడం చాలదు.” ఇందులో అర్ధవిరామం వరకు ఉన్నది ఆకరాల నుంచి తీసుకున్న సమాచారం, ఆ తర్వాతది ఆమె సొంత నిర్ణయం. పాదసూచిక సంఖ్యను వాక్యం చివర కాక అర్ధవిరామం దగ్గరే వేయాలి. లేకపోతే ఆమె ఆలోచన కూడా ఇతరుల ఖాతాలో పడుతుంది. పూర్తయిన సంవత్సరాలు వేరే పుస్తకంలో దొరికితే దాన్నీ అక్కడే చూపాలి.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో 10 శాతం వరకు సారూప్యానికి (పోలికకు) శిక్ష లేదు గనుక చాలామంది ఆ అంకెనే చూస్తారు. ఆ శాతాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పోల్చేది ముఖ్యంగా మాటలను. ఆకరం చెప్పకుండా వాడుకున్న భావం దానికి చిక్కకపోయినా, అది గ్రంథచౌర్యమే.

అభ్యాసం: మీ అంశానికి చెందిన ఒక పేరాను రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, పావుగంట ఆగి మూడు వాక్యాలు రాయండి. తర్వాత మూలంతో పోల్చి పేర్లు, అంకెలు సరిచూడండి. మూలంలోని మాటలే తప్పనిసరి అనిపించిన చోట వాటిని ఉల్లేఖన చిహ్నాల్లో ఉంచి పుట సంఖ్య ఇవ్వండి. ఇలాంటివి ఐదు సిద్ధం చేసుకోండి. 5వ పాఠంలో వాటిని ఒకే పేరాగా అల్లుతాం.