పైపైనే కదా అనుకునే ముందు

"కలవలేదు సార్, ఒంటికి ఒళ్లు తగిలిందంతే. ఎయిడ్స్ వస్తుందా?" తిరుపతిలో రూము తీసుకుని చదువుకునే పిల్లల్ని, కొత్తగా పెళ్లి కుదిరినవాళ్లను లోలోపల తినేసే ప్రశ్న ఇది. ఎవరినీ అడగలేక నిద్ర మానుకుంటారు. అందుకే ముందు దాని సంగతి.

ఇలా దగ్గరైనప్పుడు ఎయిడ్స్ తెచ్చే హెచ్ఐవీ అంటుకోవాలంటే ఆ వైరస్ ఉన్నవాళ్ల రక్తమో, వీర్యమో, యోని స్రావమో వెళ్లి అవతలివాళ్ల మర్మాంగాల, మలద్వారం లోపలి మెత్తటి పొరకో, పచ్చి పుండుకో తగలాలి. కౌగిలి, మామూలు ముద్దు, చేత్తో తాకడం, బట్టల మీద రాపిడి, వీటితో రాదు. చెమటతో, ఉమ్మితో రాదు. ఈ టెన్షన్ పక్కన పెట్టేయండి.

అసలు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. బట్టల్లేకుండా మర్మాంగాలు రాసుకుంటే నీటిపొక్కులు తెచ్చే హెర్పిస్, హెచ్‌పీవీ అనే వైరస్‌తో వచ్చే పులిపిర్లు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి అంటుకోవచ్చు. కండోమ్ కప్పని చోటు నుంచి కూడా వస్తాయి. నాకు ఎక్కువ భయం సిఫిలిస్‌తోనే. దాని పుండు నొప్పి పుట్టదు, సాధారణంగా 3 వారాలకు కనిపిస్తుంది, ఒక్కోసారి 90 రోజులు పడుతుంది. మందు వాడకపోయినా మానిపోతుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. రక్తపరీక్షలో తేలితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది, కాబట్టి పుండు మానినా పరీక్ష మానకండి.

ఇక మన ఎండాకాలం. చెమటకు గజ్జల్లో తామర ఊరికే పట్టుకుంటుంది, ఒంటికి ఒళ్లు తగిలితే పాకుతుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గి, తామర ఇంకా పెరుగుతుంది. గజ్జి అయితే డాక్టరు రాసిచ్చే పర్మెత్రిన్ క్రీము రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో కూడా పూసుకుని పొద్దున స్నానం చేయాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఒకే పక్క మీద పడుకునేవాళ్లంతా అదే రాత్రి పూసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి.

దగ్గరయ్యే రోజే కింద షేవింగ్ వద్దు, బ్లేడు గాట్లు పుండ్లకు దారి. అవతలివాళ్ల పెదవి పక్కన నీటిపొక్కులుంటే ముద్దు, నోటితో చేసేవి ఆపేయండి. మర్మాంగాల దగ్గర పుండు, పులిపిరి, దద్దురు కనిపించినా అంతే. సిగ్గుపడి ఊరుకోవద్దు, అడగండి. నోటితో అయితే కండోమ్ ఉండాలి, గనేరియా అనే సుఖవ్యాధి గొంతుకు కూడా వస్తుంది. లోపలికి వెళ్లకపోయినా, వీర్యం యోని ముఖం దగ్గర పడితే గర్భం వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది. హెచ్‌పీవీ, హెపటైటిస్-బి టీకాల గురించి ముందే డాక్టరును అడగండి.

అనుకున్నది దాటిపోయి, కండోమ్ లేకుండా కలయిక జరిగితే మాత్రం ఆలస్యం వద్దు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. తిరుపతిలో అయితే రుయా ప్రభుత్వ ఆస్పత్రికి, చిత్తూరులో అయితే జిల్లా ఆస్పత్రికి వెళ్లి ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్ష కేంద్రం ఎక్కడని అడగండి. హెచ్ఐవీ పరీక్ష ఉచితం. మీ వివరాలు బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ చట్టమే చెబుతోంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి చేయండి. సుఖవ్యాధి ఏదైనా తేలితే ఒక్కరే మందు వాడి ఊరుకోకండి, అవతలివాళ్లను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. లేకపోతే వాళ్ల నుంచి మళ్లీ మీకే వస్తుంది.